సింగపూర్‌లో చివరి రోజు: తిరుపతి ఫ్రెండ్స్‌కి జాగ్రత్తలు

చివరి రోజు హాయిగా తిరగాలంటే సూట్‌కేసులు ముందురోజు రాత్రే సర్దేయండి. పవర్ బ్యాంక్ చేతిబ్యాగులోనే ఉండాలి.

- పాస్‌పోర్టు: గది ఖాళీ చేసేముందు ఎవరిది వాళ్లు తీసి చూపించాలి. "బ్యాగులోనే ఉందిలేరా" అంటే ఒప్పుకోవద్దు.

- జీఎస్టీ వాపసు: అంటే షాపింగ్‌లో కట్టిన పన్ను టూరిస్టులకు తిరిగి రావడం. చాలామంది తడబడేది ఇక్కడే. 100 సింగపూర్ డాలర్లు, ఆపైన కొన్నవాటికే వర్తిస్తుంది. కొన్నప్పుడే షాపులో పాస్‌పోర్టు చూపించి ఉండాలి. వస్తువు సూట్‌కేసులో వెళ్తుంటే, చాంగీ ఎయిర్‌పోర్టులో బ్యాగులు ఇచ్చేయకముందే కియోస్క్ (వాపసు మెషీన్) దగ్గర క్లెయిమ్ చేయండి. అధికారులు చూపించమనవచ్చు, అందుకే ఆ వస్తువుల్ని చీరల అడుగున కాకుండా పైనే పెట్టండి.

- చిల్లర: నాణేలు మన ఊళ్లో పనికిరావు. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో టీ తాగి వదిలించుకోండి.

- మధ్యాహ్నం ఒక్క చోటే పెట్టుకోండి. నా ఓటు జ్యువెల్ మాల్‌కే. 40 మీటర్ల జలపాతం ముందు కూర్చోవచ్చు, ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి టెన్షన్ ఉండదు.

- చెన్నైలో కారు: మన టైమ్ సింగపూర్ కంటే రెండున్నర గంటలు వెనక. టికెట్‌లో దిగే టైమ్ మన టైమే, డ్రైవర్‌కి అదే చెప్పండి. అర్ధరాత్రి దిగితే, నగరి, పుత్తూరు మీదుగా బయల్దేరేముందు అతను కాస్త నిద్రపోయాడో లేదో అడగండి. లేదంటే తెల్లారాకే రండి.