మార్కర్లతో వరి వంగడాల మెరుగుదల – నాల్గవ పాఠం: జన్యువు వెంట వచ్చే ముక్కను తెంచడం

సార్వా నాట్లు పడిన కొద్ది రోజులకే మురుగు కాలువలు పొంగి చేలు మునగడం డెల్టా పల్లపు భూముల రైతుకు తెలిసిన నష్టమే. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో అందించిన స్వర్ణ (ఎంటీయూ 7029) రకానికి, సుమారు రెండు వారాల ముంపును ఓర్చుకునే గుణాన్ని తొమ్మిదవ క్రోమోజోమ్‌పై ఉన్న సబ్1 అనే జన్యువు ఇస్తుందని గత పాఠంలో చూశాం.

అయితే దాత (జన్యువును ఇచ్చే రకం) నుంచి సబ్1 ఒక్కటే రాదు, దానికి ఇరువైపులా ఉన్న క్రోమోజోమ్ ముక్క కూడా వెంట వస్తుంది. ఈ గుణానికి మూలమైన ఒడిశా దేశవాళీ రకం ఎఫ్‌ఆర్13ఎ పొడవుగా పెరుగుతుంది, దిగుబడి తక్కువ. అందుకే స్వర్ణ-సబ్1ను (సబ్1 చేర్చిన స్వర్ణను) రూపొందించిన ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు నేరుగా దానిని వాడక, దాని సంతతిలోని మెరుగైన ఐఆర్49830 వరుసను దాతగా తీసుకున్నారు. దాత ఎంపికలో ఇంత వివేకం చూపితే సగం శ్రమ తగ్గుతుందని నా అభిప్రాయం.

ఇక పనిలోకి వద్దాం. మొదటి బ్యాక్‌క్రాస్ (స్వర్ణ, దాతల సంకరాన్ని తిరిగి స్వర్ణతో సంకరించగా వచ్చిన తరం) నారు ఇంకా మడిలో ఉండగానే ప్రతి మొక్కకూ సంఖ్య కట్టి, లేత ఆకు కొన తుంచి, డీఎన్ఏ తీసి, దాని ముక్కలను పరిమాణాన్ని బట్టి గీతలుగా వేరుచేసే జెల్‌పై నడపాలి. సబ్1 మార్కర్ (క్రోమోజోమ్‌పై ఆ చోటును గుర్తించే డీఎన్ఏ గుర్తు) వద్ద స్వర్ణ గీత, దాత గీత రెండూ కనిపించిన మొక్కలనే ఉంచాలి. ఇవి దాదాపు సగం ఉంటాయి. దాత గీత ఒక్కటే కనిపిస్తే, బ్యాక్‌క్రాస్‌లో అటువంటి మొక్క పుట్టే వీలు లేదు కనుక, విత్తనం కలిసిందో సంఖ్య మారిందో వెతకాలి.

ఉంచిన మొక్కలలో సబ్1కు 5 సెంటీమోర్గాన్ల (ఒక సెంటీమోర్గాన్ అంటే నూటికి ఒక మొక్కలో ముక్క తెగేంత దూరం) దూరంలోని పక్క మార్కర్‌ను చూడండి. అక్కడ స్వర్ణ గీత ఒక్కటే ఉంటే ఆ వైపు ముక్క తెగినట్లే. నూరింటిలో సుమారు ఐదు మొక్కలు ఇలా దొరుకుతాయి. రెండు వైపులా ఒకే తరంలో తెగిన మొక్క కావాలంటే మాత్రం జన్యువున్న మొక్కలు కనీసం నాలుగు వందలు, అంటే ఎనిమిది వందల నారు పరీక్షించాలి. అందుచేత ఈ తరంలో ఒక వైపు, తరువాతి తరంలో రెండో వైపు తెంచడమే సరైన దారి. అలా మిగిలిన కొద్ది మొక్కలలోనే ఇతర క్రోమోజోములు పరిశీలించి, స్వర్ణకు అతి దగ్గరగా ఉన్నదానిని తిరిగి స్వర్ణతో సంకరించాలి.

అభ్యాసం: మొదటి బ్యాక్‌క్రాస్ మొక్కలు 320 ఉన్నాయి. పక్క మార్కర్లు ఎడమన 5, కుడిన 10 సెంటీమోర్గాన్ల దూరంలో ఉన్నాయి. ఒక్కో వైపు తెగినవి ఎన్ని ఆశించవచ్చో లెక్కకట్టి, ముందుగా ఏ వైపు ఎంచుకుంటారో కారణంతో రాయండి.