టీవీని ల్యాప్‌టాప్‌కు రెండో తెరగా అమర్చుకోవడం ఎలా?

కేబుల్ పెట్టి, టీవీలో బొమ్మ రాగానే పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. సినిమా చూడటానికైతే అంతమాత్రం చాలు. అదే తెర మీద పత్రాలు చదవాలన్నా, లెక్కల పట్టికలు నింపాలన్నా, నలుగురికి పాఠం చెప్పాలన్నా మాత్రం బొమ్మ వచ్చిన తర్వాత చేసే అమరికలే ముఖ్యం. టీవీ తనకు అందే ప్రతి దృశ్యాన్నీ ఒక ప్రసారంగా భావించి దానికి మెరుగులు దిద్దుతుంది, ఆ మెరుగులే అక్షరాలను అలుక్కుపోయేలా చేస్తాయి.

పోర్టులు, కేబుల్

ముందుగా రెండు పరికరాల అంచులనూ పరిశీలించండి. వెడల్పుగా ఉండి, కింది మూలలు రెండూ లోపలికి ఒదిగినట్లుండేది హెచ్‌డీఎంఐ పోర్టు. రెండింటికీ అది ఉంటే సాధారణ హెచ్‌డీఎంఐ కేబుల్ సరిపోతుంది, బొమ్మా ధ్వనీ ఒకే తీగలో వెళ్తాయి.

పల్చని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి యూఎస్‌బీ-సి పోర్టులు మాత్రమే ఉంటాయి కాబట్టి వాటికి యూఎస్‌బీ-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ అవసరమవుతుంది. అయితే చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా, ప్రతి యూఎస్‌బీ-సి పోర్టూ దృశ్యాన్ని బయటికి పంపలేదు. కొన్ని ఛార్జింగ్‌కు, ఫైళ్ల బదిలీకి మాత్రమే పనికొస్తాయి. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్‌ను సూచించే మెరుపు గుర్తు గానీ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఏ గుర్తూ లేకపోతే, అడాప్టర్ కొనే ముందే మీ మోడల్ వివరాలను తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

పాత ల్యాప్‌టాప్‌లలో 15 రంధ్రాల వీజీఏ పోర్టు కనిపిస్తుంది. ఇది 1987లో వచ్చిన అనలాగ్ పద్ధతి. దీన్ని హెచ్‌డీఎంఐ టీవీకి కలపాలంటే సంకేతాన్ని డిజిటల్‌గా మార్చే కన్వర్టర్ కావాలి, వట్టి కేబుల్ పనిచేయదు. వీజీఏలో ధ్వని వెళ్లదు కనుక ఆడియోకు వేరే తీగ ఉండాలి.

మీది 4కె టీవీ (3840×2160 చుక్కల తెర) అయితే ఇంకో విషయం గమనించాలి. హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణం 4కె దృశ్యాన్ని సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. 2013లో వచ్చిన 2.0 దాన్ని 60కి పెంచింది. 30 దగ్గర సినిమాకు పెద్ద ఇబ్బంది ఉండదు గానీ, మౌస్ బాణం తెర మీద ఆగి ఆగి కదులుతూ చికాకు పెడుతుంది. ల్యాప్‌టాప్, అడాప్టర్, కేబుల్, టీవీ పోర్టు అనే నాలుగింటిలో ఏది వెనకబడితే మిగతావన్నీ దాని స్థాయికే దిగిపోతాయి. అందుకే అడాప్టర్ మీద 4కె అని ఉంటే సరిపోదు, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు) అని కూడా రాసి ఉందో లేదో చూడండి.

కలిపే విధానం

రెండు పరికరాలనూ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. టీవీ పోర్టుల్లో ఏఆర్‌సీ అని రాసి ఉన్నది టీవీ ధ్వనిని బయటి స్పీకర్‌కు పంపేది, దాన్ని సౌండ్‌బార్ కోసం వదిలేసి వేరేది వాడటం మంచిది. తర్వాత రిమోట్‌లో ఇన్‌పుట్ లేదా సోర్స్ మీట నొక్కి, కేబుల్ పెట్టిన పోర్టు నంబరును ఎంచుకోండి.

విండోస్ వాడేవారు విండోస్ మీటతో పాటు పి నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి. డూప్లికేట్‌లో రెండు తెరల మీదా ఒకటే బొమ్మ ఉంటుంది, కానీ రెండింటి రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) వేరైతే ఏదో ఒకదానిలో స్పష్టత తగ్గుతుంది. పని చేసుకోవడానికి ఎక్స్‌టెండ్ మేలు: స్లైడ్లు టీవీలో ఉంచి, మీ నోట్సును ల్యాప్‌టాప్‌లోనే చూసుకోవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని కనిపించే పెట్టెలను తెరలు నిజంగా ఉన్న వరుసలోకి జరిపితే, మౌస్ బాణం ఎటు పోయిందో వెతుక్కోనక్కర్లేదు. మ్యాక్‌లో ఇవే అమరికలు సిస్టమ్ సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్ విభాగంలో ఉంటాయి.

బొమ్మ వచ్చినా ధ్వని ల్యాప్‌టాప్ నుంచే వస్తుంటే, టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు దగ్గర అవుట్‌పుట్‌ను టీవీకి మార్చండి.

అక్షరాలు స్పష్టంగా కనిపించాలంటే

తెర అంచులు కత్తిరించినట్లై టాస్క్‌బార్ సగమే కనిపిస్తుంటే, దానికి కారణం ఓవర్‌స్కాన్. పాత ప్రసారాల కాలంలో అంచుల్లోని లోపాలను దాచడానికి బొమ్మను కాస్త పెద్దది చేసి చూపేవారు, ఆ అలవాటు కొన్ని టీవీలలో నేటికీ ఉంది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో బొమ్మ పరిమాణాన్ని స్క్రీన్ ఫిట్, జస్ట్ స్కాన్ వంటి పేరున్న ఎంపికకు మార్చితే ఇది సరిపోతుంది.

తర్వాత ఆ ఇన్‌పుట్‌కు పీసీ అనే పేరు లేదా గుర్తు పెట్టే వీలుందేమో చూడండి. ఇది చాలామంది పట్టించుకోని అమరికే అయినా, నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది. మామూలు స్థితిలో టీవీలు వెలుతురు వివరాలను ఉంచి రంగు వివరాలను కొంత తగ్గిస్తాయి. మనుషుల ముఖాల్లో ఆ లోటు తెలియదు గానీ, నల్లని నేపథ్యం మీది ఎర్రని అక్షరాలు చెదిరినట్లు కనిపిస్తాయి. చాలా టీవీలలో పీసీ గుర్తు పెట్టగానే ఆ కుదింపు ఆగిపోతుంది. ఆ ఎంపిక లేకపోతే గేమ్ మోడ్ ప్రయత్నించండి, కనీసం మౌస్ కదలికలోని జాప్యమైనా తగ్గుతుంది. అక్షరాల చుట్టూ తెల్లని అంచు కనబడితే షార్ప్‌నెస్ తగ్గించండి.

4కె తెర మీద అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించవద్దు. దాన్ని 3840×2160 దగ్గరే ఉంచి, విండోస్‌లో స్కేల్ శాతాన్ని పెంచితే అక్షరాలు పెద్దవవుతాయి, స్పష్టతా చెడదు.

నో సిగ్నల్ అని వస్తే

ముందు ఇన్‌పుట్ నంబరు చూడండి, తర్వాత కేబుల్ రెండు కొసలూ తీసి గట్టిగా పెట్టండి, ఆపై వేరే పోర్టు, వేరే కేబుల్ ప్రయత్నించండి. అయినా రాకపోతే కేబుల్ ఉంచి ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, తెర మీది దృశ్యాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అప్‌డేట్ చేయండి. బొమ్మ వచ్చి పోతుంటే కేబుల్ పొడవును అనుమానించాలి. 4కె, 60 హెర్ట్జ్ దగ్గర చిన్న కేబులే నమ్మదగినది.

కేబుల్ లేకుండా కలపాలనుకుంటే, తీగ లేకుండా బొమ్మ పంపే మీరాకాస్ట్ పద్ధతి ఉన్న టీవీకి విండోస్‌లో విండోస్ మీట, కె కలిపి నొక్కి దృశ్యాన్ని పంపవచ్చు, అలాంటిదే అయిన ఎయిర్‌ప్లే ఉన్న టీవీకైతే మ్యాక్ నుంచి పంపవచ్చు. అయితే బొమ్మ కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఫొటోలు, వీడియోలు చూపడానికి దాన్ని వాడుకుని, టైపింగ్‌కూ మౌస్ పనికీ కేబులే ఉంచుకోండి.