కారులో కూలెంట్ ఎక్కడికి పోతోంది? ఇంజిన్ వేడెక్కడానికి కారణం కనిపెట్టడం ఎలా

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యే వస్తువు కాదు. ఇంజిన్, రేడియేటర్, హీటర్ మధ్య మూసి ఉన్న దారిలో తిరుగుతూనే ఉంటుంది. కూలెంట్ ట్యాంకులో మట్టం తరచూ పడిపోతోందంటే అది బయటికైనా కారాలి, కారు లోపలికైనా కారాలి, లేదా ఇంజిన్ లోపలికైనా పోవాలి. తగ్గినప్పుడల్లా నీళ్లు పోసి ఊరుకోవడం వల్లే, ఒక గొట్టం మారిస్తే తీరిపోయే పని సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగిపోయేదాకా వెళుతుంది.

దారిలో ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీతను తాకితే ముందు ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పండి. ఇంజిన్ వేడిలో కొంత అటు పోతుంది. హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే లోపల కూలెంట్ బాగా తగ్గిపోయినట్టే. వెంటనే పక్కన ఆపి ఇంజిన్ ఆపేయండి. కనీసం అరగంట, వీలైతే ఇంకా ఎక్కువసేపు చల్లారనివ్వండి. ఆలోగా కూలెంట్ మూత తీయడం ప్రమాదం. ఒత్తిడి ఉండబట్టే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పై గొట్టం చేతికి చల్లగా, మెత్తగా తగిలాకే మందపాటి గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పండి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగలవచ్చు.

ఇక వెతుకులాట.

1. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీద మట్టం దగ్గర మార్కరుతో గీత గీయండి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ చల్లగా ఉన్నప్పుడే చూడండి. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి వేడి మీద చూసిన మట్టాన్ని నమ్మలేం.

2. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున రంగు మరక, తియ్యటి వాసన ఉంటే అది కూలెంట్. రంగూ వాసనా లేని నీరైతే ఏసీ నుంచి కారినదే, కంగారు పడనక్కర్లేదు. మరక లేనంత మాత్రాన లీకు లేదని అనుకోకండి. వేడి లోహం మీద పడిన చుక్క అక్కడే ఆవిరైపోయి, తెల్లగానో ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో పొడి పెచ్చులా మిగులుతుంది. టార్చి పట్టుకుని ఆ పొడి కోసం చూడండి: గొట్టాలకు క్లిప్పులు బిగించిన చోట, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు లోహంతో కలిసే అంచున, వాటర్ పంప్ కింద. పంప్ ఒంటికి చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ అక్కడి నుంచే బయటపడుతుంది. ఆ రంధ్రం కింద తడిచార కనిపిస్తే పంప్ మార్చాల్సిందే.

3. ఏమీ కనిపించకపోతే మెకానిక్ దగ్గర ప్రెషర్ టెస్టు చేయించండి. మూత మీద రాసిన ఒత్తిడి మేరకే గాలి ఎక్కించి, ఒత్తిడి చూపే ముల్లు పడుతుందేమో చూస్తారు. అదే పరికరంతో మూతనూ పరీక్షించమని అడగండి. స్ప్రింగు బలహీనపడిన మూత ఏ లీకూ లేకుండానే కూలెంట్‌ను బయటికి వదిలేస్తుంది. చాలా చవకైన భాగం, ఎక్కువమంది మరిచిపోయేదీ అదే.

4. ముందు సీటు దగ్గర కాళ్ల కింద తివాచీ తడిగా ఉండి, అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారుతుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది.

5. మట్టం సరిగ్గా ఉన్నా వేడెక్కుతోందా? ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు మాత్రమే అయితే రేడియేటర్ ఫ్యాను, దాని ఫ్యూజు, రిలే (ఫ్యానుకు కరెంటు ఇచ్చే స్విచ్) చూడండి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. వేగంగా వెళ్లేటప్పుడు వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయిందనో, పంప్ సరిగా తోయడం లేదనో అనుమానించాలి. ఇంజిన్ బాగా వేడెక్కినా రేడియేటర్ గొట్టాల్లో ఒకటి కాలుతూ, రెండోది చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) తెరుచుకోకపోతూ ఉండవచ్చు. గొట్టాలు తాకేముందు ఇంజిన్ ఆపండి, ఫ్యాను దగ్గర చేతులు పెట్టకండి. ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు.

6. చివరికి మిగిలేది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్‌కూ దాని హెడ్‌కూ మధ్య ఉండే పలుచటి సీలు. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ, ట్యాంకులో ఆగకుండా బుడగలు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే గట్టిపడిపోయే గొట్టాలు దీని గుర్తులు. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ ఒక్కటే చూసి భయపడకండి. చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే కార్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) మీద ఆయిల్ కూడా పాలు కలిపినట్టుంటే మాత్రం కారు నడపకండి. హెడ్ విప్పడానికి ఒప్పుకునే ముందు ట్యాంకు గాలిని నీలి రంగు రసాయన ద్రవంతో పరీక్షించమనండి. పెట్రోలు ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి చేరుతుంటే ఆ నీలి ద్రవం పసుపుకు తిరుగుతుంది. ఖరీదైన పనికి ముందు ఈ రుజువు అడగడం మీ హక్కు.

మరమ్మతు అయ్యాక కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటే నింపి, లోపల చిక్కిన గాలిని తప్పనిసరిగా తీయించండి. గాలి ఉండిపోతే కొత్త భాగాలు వేసినా ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది. తీసేసిన పాత కూలెంట్‌ను నేల మీద, కాలువలో పారబోయకండి. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉండటంతో కుక్కలు, పిల్లులు నాకుతాయి. మూత బిగించిన డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట అప్పగించండి.