తల గాయం, సీటీ స్కాన్ – 4వ పాఠం: ఈ రక్తస్రావం ఇంకా పెరుగుతుందా?

ముందు గత పాఠంలోని ప్రశ్నకు జవాబు. సబ్‌డ్యూరల్ రక్తం, అంటే మెదడును కప్పే డ్యూరా పొర కింద చేరిన రక్తం, బూడిద రంగులో ఉంటే అది పాతదే అయి తీరాలా? అక్కర్లేదు. తాజా గడ్డ సుమారు 50 నుంచి 80 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రతకు కొలత) దగ్గర తెల్లగా కనిపించేది ప్రధానంగా అందులోని హిమోగ్లోబిన్ వల్ల. తీవ్రమైన రక్తహీనత ఉన్న రోగిలో నిన్నటి రక్తం కూడా మెదడు రంగులో కలిసిపోవచ్చు. రంగు చూసి వయసు చెప్పేముందు రక్తపరీక్ష కాగితం కూడా చూడండి.

ఇక ఈ పాఠం. ఇంతవరకు తెరమీద ఉన్నదాన్ని చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఇంకా తీయని స్కాన్‌ను ఊహించాలి. అందుకోసం మొట్టమొదట చూడవలసింది రక్తాన్ని కాదు, తెర మూలన ఉండే గడియారాన్ని. దెబ్బ తగిలిన ఎంతసేపటికి ఈ స్కాన్ తీశారు?

కమిలిన మెదడులో (దీన్నే కంట్యూషన్ అంటారు) రక్తం పెరగడం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే, అందులోనూ తొలి గంటల్లోనే జరుగుతుంది. కాబట్టి ఒకే పరిమాణంలో ఉన్న రెండు మచ్చలకు ఒకే అర్థం ఉండదు. పన్నెండు గంటల తర్వాత కూడా అంతే ఉన్న మచ్చ చాలావరకు తన పని ముగించుకుంది. నలభై నిమిషాలకే కనిపించిన మచ్చ అప్పుడే మొదలుపెట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక రిపోర్టులో ‘చిన్న కంట్యూషన్, ఒత్తిడి లేదు’ అని రాశాను. రాసిన ప్రతి మాటా నిజమే. ప్రమాదం జరిగి గంట కూడా కాలేదన్న సంగతి మాత్రం చూడలేదు. సాయంత్రానికి ఆ రోగిని ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. అప్పటినుంచి నా రిపోర్టు మొదటి వాక్యంలోనే ‘గాయమైన ఇన్ని గంటలకు’ అని ఉంటుంది.

గడియారం తర్వాత గడ్డ లోపలి రంగు. గడ్డకట్టి కుదించుకుపోయిన రక్తం తెల్లగా ఉంటుంది. ఇంకా గడ్డకట్టని ద్రవరక్తం అంత తెల్లగా ఉండదు. అందుకే తెల్లని గడ్డ మధ్యలో నల్లటి సుడులు కనిపిస్తే అక్కడ రక్తం ఇంకా కారుతూ ఉండవచ్చు. దీన్నే స్విర్ల్ గుర్తు అంటారు. ఎపిడ్యూరల్ హెమటోమాలో, అంటే పుర్రెకూ డ్యూరా పొరకూ మధ్య చేరిన రక్తపు గడ్డలో, ఇది కనిపిస్తే నేను వెంటనే న్యూరోసర్జన్‌కు ఫోను చేస్తాను, రిపోర్టు తర్వాత టైపు చేస్తాను. బ్లెండ్, బ్లాక్ హోల్, ఐలాండ్ అనే మరికొన్ని గుర్తులున్నాయి. అవి మొదట గాయం లేకుండా వచ్చే మెదడు రక్తస్రావంలో వర్ణించినవి. గాయంలో అవి కనిపిస్తే అనుమానం పెంచుకోండి, కనిపించలేదని మాత్రం ధైర్యం తెచ్చుకోకండి.

చోటు, తోడు కూడా ముఖ్యమే. మొదటి స్కాన్‌లోనే కంట్యూషన్ పెద్దగా ఉన్నా, పక్కన సబ్‌డ్యూరల్ లేదా సబ్‌అరక్నాయిడ్ రక్తం (మెదడు ఉపరితలం మీది పలుచని పొర కింద చేరినది) ఉన్నా పెరిగే అవకాశం ఎక్కువ. టెంపోరల్ భాగంలో, అంటే కణతల వైపు మెదడులో, మరీ జాగ్రత్త. అక్కడ కొద్దిగా పెరిగినా మెదడుకాండం పక్కనే ఉంది.

ఇప్పుడు చేతిలోకి స్కేలు తీసుకోండి. ‘కొంచెం పెరిగినట్టుంది’ అనే వాక్యం మీ రిపోర్టుల్లో ఇక కనిపించకూడదు. గడ్డ అతి పెద్దగా ఉన్న స్లైసులో పొడవు ఎ, దానికి లంబంగా వెడల్పు బి. స్లైసుల సంఖ్యను స్లైసు మందంతో గుణిస్తే ఎత్తు సి. మూడింటినీ గుణించి సగం చేస్తే ఘనపరిమాణం. స్లైసులు లెక్కపెట్టడంలో ఒక నియమం ఉంది: అతి పెద్ద స్లైసులోని వైశాల్యంతో పోల్చి, 75 శాతానికి మించితే 1, 25 నుంచి 75 వరకు అర, అంతకన్నా తక్కువైతే సున్నా. చుట్టూ ఉన్న నల్లని వాపును కొలతలో కలపకండి.

మొదటి స్కాన్‌లో ఎ 4 సెం.మీ., బి 3 సెం.మీ. స్లైసు మందం 5 మి.మీ., లెక్కకు వచ్చినవి నాలుగున్నర. అంటే సి 2.25 సెం.మీ., మొత్తం 13.5 మి.లీ. ఆరు గంటల తర్వాత ఎ 4.6, బి 3.4, స్లైసులు అయిదున్నర. సి 2.75, మొత్తం 21.5 మి.లీ. పొడవు పెరిగింది ఆరు మిల్లీమీటర్లే. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టినా కంటికి పెద్దగా ఆనదు. రక్తం మాత్రం దాదాపు 60 శాతం పెరిగింది. పెరుగుదలకు 30, 33 శాతాలను గీతగా పెట్టుకున్న అధ్యయనాలున్నాయి. ఆ గీతను ఎప్పుడో దాటేశాం. అయితే రెండు స్కాన్లలో తల ఒకే కోణంలో ఉందో లేదో, స్లైసు మందం ఒకటేనో కాదో సరిచూశాకే ఆ మాట అనండి. నెలవంకలా పరచుకునే సబ్‌డ్యూరల్‌కు ఈ లెక్క అంతగా కుదరదు. అక్కడ మందం, మిడ్‌లైన్ షిఫ్ట్ (మెదడు నడిగీత పక్కకు జరిగిన దూరం) కొలవండి.

బొమ్మలో ఎంత వెతికినా దొరకనివి ఫోనులో దొరుకుతాయి: వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులు, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష). వార్డుకు ఫోను చేసి అడగండి.

అభ్యాసం: మెట్ల మీదనుంచి పడిన వ్యక్తికి 50 నిమిషాలకే స్కాన్ తీశారు. స్పృహలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. కటకం ఆకారంలో ఎపిడ్యూరల్ గడ్డ, లోపల నల్లటి సుడులు. ఎ 8 సెం.మీ., మందం బి 1.4 సెం.మీ. స్లైసు మందం 5 మి.మీ., నిండుగా లెక్కకు వచ్చినవి తొమ్మిది, సగానివి రెండు. ఎపిడ్యూరల్ గడ్డ 30 మి.లీ. దాటితే రోగి స్పృహ ఎలా ఉన్నా ఆపరేషన్ చేయాలని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2006లో సూచించింది. ఘనపరిమాణం కట్టండి, ఆ గీతతో పోల్చండి, తర్వాతి స్కాన్ ఎప్పుడు తీయమంటారో, న్యూరోసర్జన్‌కు ఫోనులో మొదటి వాక్యంగా ఏం చెబుతారో రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.