నీళ్లలో ఆగిపోయిన మోడిఫైడ్ కారు ఇంజిన్‌ను కాపాడుకోవడం ఎలా?

వాన నీళ్లలో కారు ఆగిపోతుంది. చుట్టూ నలుగురు చేరతారు. "ఒక్కసారి సెల్ఫ్ కొట్టు అన్నా, అదే స్టార్ట్ అవుతుంది" అంటారు. కారు నడిపే కుర్రాడు కొడతాడు. లోపల టక్‌మని ఒక్క శబ్దం. అంతవరకూ బాగున్న ఇంజిన్ ఆ క్షణంలో పోతుంది.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచిన వాన గుర్తుందిగా? ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఆ తర్వాత వారం రోజులు మా షెడ్డుకు ఇలాంటి బళ్లే వచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఫోన్లో మళ్లీ అవే మాటలు విన్నాను. ప్రతిసారీ నా మొదటి ప్రశ్న ఒక్కటే: ఆగిపోయాక సెల్ఫ్ కొట్టారా? కొట్టలేదన్నవాళ్లలో చాలామంది ఇంజిన్లు దక్కాయి.

ముందు టేపు తీసుకుని కొలవండి

కంపెనీ నుంచి వచ్చిన కారులో గాలి పీల్చే మూతి సాధారణంగా పైన, బానెట్ అంచు దగ్గర ఉంటుంది. మనం కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్ వేడికి దూరంగా గాలి పీల్చే గొట్టం) పెట్టించి ఫిల్టర్‌ను కిందికి, బంపర్ వెనక ఫాగ్ ల్యాంప్ దగ్గరికి దించుతాం. దాని మీద లోయరింగ్ స్ప్రింగులు వేసి కారు ఎత్తు ఇంకో 40 మిల్లీమీటర్లు తగ్గిస్తాం. పక్కన వెళ్లే మామూలు కారు దాటిపోయే నీళ్లలో మన కారు ఆగేది అందుకే.

నేల నుంచి ఫిల్టర్ అడుగు వరకు కొలిచి, ఆ అంకెను డ్యాష్‌బోర్డు మీద రాసి పెట్టుకోండి. నా కారులో అది 26 సెంటీమీటర్లు. నీళ్ల లోతు అందులో సగం దాటితే నేను దిగను, మీరూ దిగకూడదు. మిగతా సగం బంపర్ ముందు లేచే అలకు, ఎదురుగా వచ్చే బస్సు తోసే అలకు కావాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా కంపెనీ ఇచ్చిన పాత ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ పెట్టె) తిరిగి బిగించడం ఇంకా మంచిది. అరగంట పని. నాలుగు హార్స్‌పవర్ తగ్గినా ఏం కాదు. ఫిల్టర్‌కు తొడిగే గుడ్డ తొడుగు తుంపర్లను ఆపుతుంది కానీ, ఫిల్టర్ మునిగితే దానివల్ల ఉపయోగం లేదు.

దిగక తప్పకపోతే

పారే నీళ్లలోకి అసలు వద్దు. అడుగు లోతు ప్రవాహం చాలు కారును పక్కకు తోసేయడానికి. వెడల్పు టైర్లున్న కిందికి దించిన కారు ఇంకా తొందరగా తేలుతుంది. నిలిచిన నీళ్లయితే ఫస్ట్ గేర్‌లో, 2000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపు, ఆగకుండా, నడిచే మనిషి వేగంతో వెళ్లండి. రోడ్డు మధ్యలో నీళ్ల లోతు సాధారణంగా తక్కువ కాబట్టి అక్కడే ఉండండి, మ్యాన్‌హోల్ మూతలు తీసేసి ఉండొచ్చు, చూసుకోండి. కారు ఆగగానే ఇంజిన్‌ను దానంతట అదే ఆపేసే ఆటో స్టార్ట్-స్టాప్ ఉంటే ముందే ఆఫ్ చేయండి.

సైలెన్సర్‌లోకి నీళ్లు పోతాయని క్లచ్ సగం నొక్కి ఇంజిన్‌ను గుర్రుమనిపించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది తప్పు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పొగ ఒత్తిడే నీళ్లను బయట ఉంచుతుంది. ఆర్‌పీఎం పెంచితే, అందులోనూ టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోసే పరికరం) ఉన్న బండిలో, ఇన్‌టేక్ మరింత గట్టిగా పీలుస్తుంది. ప్రమాదం వెనక పైపులో లేదు, ముందు ఫిల్టర్ దగ్గర ఉంది.

ఆగిపోయిన వెంటనే

ఇగ్నిషన్ పూర్తిగా ఆఫ్ చేయండి. ఆగిపోయాక క్లచ్ నొక్కగానే తమంతట తామే మళ్లీ స్టార్ట్ అయ్యే కార్లు ఉన్నాయి, అందుకే ఇది మొదటి పని. గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. నీళ్లు పెరుగుతున్నా, పారుతున్నా కారు వదిలేసి బయటికి రండి. లేకపోతే నలుగురితో గట్టు మీదికి తోయించండి. తోస్తూ గేర్ వేసి స్టార్ట్ చేయడం సెల్ఫ్ కంటే ఘోరం, ఎందుకంటే అక్కడ కారు బరువంతా క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద పడుతుంది. అక్కడి నుంచి షెడ్డుకు ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తాన్ని ఎక్కించుకునే బండి) మీదే తీసుకెళ్లండి. బూట్‌లో బ్యాటరీ, సీటు కింద ఆంప్లిఫయర్ పెట్టించుకున్నవాళ్లు నెగెటివ్ వైరు తీసేయండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలనుకుంటే ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి, సర్వేయర్ (నష్టం చూడటానికి కంపెనీ పంపే మనిషి) చూసేదాకా ఏదీ విప్పకండి. నీళ్లలో ఇంజిన్‌కు జరిగే నష్టానికి సాధారణంగా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ కావాలి. చేయించిన మార్పులు పాలసీలో చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది.

ప్లగ్గులు విప్పి నీళ్లు తీయడం

జాగ్రత్తంతా ఇక్కడే కావాలి. తొందర పడేదీ ఇక్కడే.

ముందు కారణం అర్థం చేసుకోండి. గాలి నలిగి కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ దాదాపు 300 సీసీ. కంప్రెషన్ 10:1 అయితే, అంటే లోపలి గాలి పదో వంతుకు నలిగితే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 33 సీసీ. అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. అంతకంటే ఎక్కువ నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు, స్టార్టర్ మాత్రం తోస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంకా గట్టివైన ఫోర్జ్‌డ్ రాడ్లు వేయించాం, మాకేం కాదు అనుకోకండి. రాడ్ వంగకపోతే ఆ దెబ్బ బేరింగ్ మీదో హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ బ్లాక్‌కూ మధ్య ఉండే పొర) మీదో పడుతుంది.

కావలసినవి: ప్లగ్ సాకెట్, పొడవు రాట్చెట్, క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపడే సాకెట్, కంప్రెసర్ గాలి, ఒక సన్నని పొడుగాటి చెక్క పుల్ల, ఆయిల్, ఫిల్టర్.

ఫిల్టర్ తీసి పైపు లోపల వేలు పెట్టి చూడండి. రెండూ పొడిగా ఉంటే కాయిల్ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది) తడిసి ఆగి ఉండొచ్చు. అయినా కింద చెప్పినదంతా చేయండి, ఎందుకంటే వేలు అందని మలుపులో నీళ్లు ఉన్నాయో లేదో మీకు తెలియదు.

తర్వాత ఇంటర్‌కూలర్, అంటే టర్బో తోసే వేడి గాలిని చల్లబరిచేది. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. టర్బో కారులో ఫిల్టర్ నుంచి వచ్చిన నీళ్లు ముందుగా కింద ఉన్న ఇంటర్‌కూలర్‌లో నిలుస్తాయి. పెద్దది వేయించుకుంటే ఇంకా ఎక్కువ నిలుస్తాయి. సిలిండర్లు శుభ్రంగా ఆరబెట్టి, ప్లగ్గులు బిగించి, స్టార్ట్ చేసి, ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కగానే ఆ నీళ్లన్నీ లోపలికి వెళ్లిన బండి ఒకటి నా చేతుల్లోనే పోయింది. ఇది జరిగి చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి రెండు వైపులా గొట్టాలు ఊడదీసి, ఇంటర్‌కూలర్‌ను దించి, తలకిందులు చేసి కుదిపి, గాలి కొట్టిన తర్వాతే ఇంజిన్ మీద చేయి వేస్తాను.

ఇప్పుడు కాయిళ్లు తీయండి. ప్లగ్గులు ఉండే గుంటల్లో నీళ్లు, ఇసుక నిలిచి ఉంటాయి. అలాగే ప్లగ్ విప్పితే అవి నేరుగా సిలిండర్‌లోకి జారతాయి. ముందు గాలి కొట్టండి, బట్టతో తుడవండి, మళ్లీ గాలి కొట్టండి. ఆ తర్వాత ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరుసగా పెట్టండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకండి, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీయండి. లేకపోతే తెరిచిన ప్లగ్ రంధ్రాల నుంచి పెట్రోల్ ఆవిరి బయటికి కొడుతుంది, దగ్గర్లో ఒక నిప్పురవ్వ చాలు.

వెంటనే సెల్ఫ్ కొట్టకండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా తిప్పండి. చాలా ఇంజిన్లలో అది పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం దిశ, అయినా మీ ఇంజిన్‌ది కనుక్కోండి. రెండు పూర్తి చుట్లు తిరిగితే నాలుగు సిలిండర్లూ ఒక్కసారి పని పూర్తి చేసినట్టు. నేను ఎనిమిది చుట్లు తిప్పుతాను, ఎందుకంటే మేనిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) నిలిచిన నీళ్లు వాల్వు తెరుచుకున్నప్పుడు మళ్లీ లోపలికి వస్తాయి. ప్లగ్గులు తీశాక కూడా ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలం పెట్టకండి. అక్కడితో ఆపి, తెలిసిన మెకానిక్‌ను పిలవండి.

చేతికి సాఫీగా తిరిగితేనే సెల్ఫ్. మూడు సెకన్లు కొట్టి ఆపండి. ప్లగ్ రంధ్రాల నుంచి నీళ్లు ఫౌంటెన్‌లా లేస్తాయి, ముఖం పైన పెట్టకండి. తుంపర కూడా రాకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ చేయండి.

ఎండలో రెండు రోజులు పెడితే ఆరిపోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. మూసి ఉన్న సిలిండర్‌లో నీళ్లు ఆరవు, ఈలోగా గోడలకు తుప్పు పడుతుంది. డీజిల్ పోసి నానబెట్టడం కూడా నాకు నచ్చదు. అడుగున నీళ్లు ఉండగా పైన డీజిల్ తేలితే ప్రయోజనం ఏముంది? సర్వేయర్ పని లేకపోతే అదే రోజు విప్పండి.

రాడ్ వంగిందో లేదో చూడటం

ఒక్కో సిలిండర్‌లో చెక్క పుల్ల నిలబెట్టి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు ప్లగ్ రంధ్రం అంచు దగ్గర పుల్ల మీద గీత పెట్టండి. పుల్ల బయట ఉండగానే ఇంజిన్ తిప్పడం మొదలుపెట్టండి, అడ్డంగా ఇరుక్కుంటే ఇంకో తలనొప్పి. నాలుగు గీతలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక గీత మిగతావాటికంటే పైన ఉంటే అక్కడ పుల్ల ఎక్కువ లోపలికి దిగినట్టు, అంటే ఆ రాడ్ వంగినట్టే. ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉన్న ఇంజిన్లలో కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ ఒత్తిడి పరీక్ష) చేయించండి. "బండి బాగానే నడుస్తోందిగా" అని వదిలేయకండి. కొద్దిగా వంగిన రాడ్ కొన్ని వారాలు నడుస్తుంది, తర్వాత ఒకరోజు విరిగి బ్లాక్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది.

మళ్లీ స్టార్ట్

ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఆయిల్, ఫిల్టర్ మార్చండి. కొత్త ప్లగ్గులు, పొడి ఎయిర్ ఫిల్టర్ వేయండి. ట్యూనింగ్ చేయించుకుని ఉంటే పాత స్టాక్ మ్యాప్ (కంపెనీ ఇచ్చిన ఇంజిన్ సాఫ్ట్‌వేర్ సెట్టింగు) తిరిగి లోడ్ చేయండి. స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, యాక్సిలరేటర్ ముట్టుకోకండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే మళ్లీ మార్చండి. రంగు బాగున్నా 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మార్చడం నా నియమం.

గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చూడండి, దాని బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) నుంచి నీళ్లు దిగుతాయి. బ్రేకులు తడిసి ఉంటాయి కాబట్టి మొదటి కిలోమీటరు ఖాళీ రోడ్డు మీద బ్రేకు మీద కాలు తేలికగా ఉంచి నడిపి ఆరబెట్టండి. వీల్ బేరింగుల్లో గరగరమనే శబ్దం రెండు మూడు వారాల తర్వాత మొదలవుతుంది, అప్పటిదాకా పాటలు ఆపేసి అద్దం దించి నడపండి.