పల్లెలో పైపులైను తవ్వేటప్పుడు పురావస్తు పర్యవేక్షణ ఎలా చేయాలి

తాగునీటి పైపుల కోసం ఊళ్లో తవ్వే సన్నని కందకం చరిత్రకు ఏ హానీ చేయదన్న నమ్మకం మన ఇంజినీర్లలో బలంగా ఉంది. హైదరాబాదు పరిసరాల్లో మాత్రం ఈ నమ్మకం ప్రమాదకరం. మౌలాలిలోనూ, హష్మత్‌పేటలోనూ, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ ఇనుపయుగపు బృహత్‌శిలా సమాధులు, అంటే పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన సమాధులు, బయటపడ్డాయి. అలాంటి నేల నగరపు హద్దు దగ్గర ఆగిపోదు.

కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతాన్నీ, ఆపైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతాన్నీ స్థిరపరచిన ప్రాచీన కట్టడాల చట్టపు 2010 నాటి సవరణ, ప్రజలకు నీరు, విద్యుత్తు అందించే పనులనూ మురుగుకాలువలనూ ‘నిర్మాణం’ అనే నిర్వచనం నుంచి మినహాయించింది. ఈ మినహాయింపు వల్ల అలాంటి చోట్ల కూడా ఇటువంటి తవ్వకాలు ఎవరి కంటా పడకుండా సాగిపోవచ్చు గనుక, తవ్వకాన్ని దగ్గరుండి చూసే పురావస్తు పర్యవేక్షకుడి అవసరం ఇక్కడే ఎక్కువ.

పని మొదలుకాక ముందే పైపు మార్గం వెంట నడవాలి. ‘పాటిగడ్డ’, ‘పాటిదిబ్బ’ అని పిలిచే చోట్లు పాత ఊళ్ల ఆనవాళ్లు. ‘రాకాసి గుళ్లు’ అంటే సాధారణంగా బృహత్‌శిలా సమాధులు. ఈ పేర్లు కాంట్రాక్టరు నక్షాలో ఉండవు, ఊరి పెద్దలను అడిగి రాసుకోవాలి. దున్నిన చేలలో నలుపు-ఎరుపు కుండపెంకులు, ఇనుప చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి), నేటి ఇటుకకన్నా బాగా పెద్దవైన ఇటుక ముక్కలు కనిపిస్తే ఆ భాగాన్ని నక్షాలో గుర్తించి, వీలైతే మార్గాన్ని పక్కకు జరపమని అప్పుడే కోరాలి. పైపులు దిగిన తరువాత ఆ మాట ఎవరూ వినరు.

పని ఆపించే అధికారం ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోవాలి. గుర్తించిన భాగాల్లో జేసీబీకి పళ్లు లేని బకెట్ తగిలించి, మట్టిని పలుచని పొరలుగా తీయమనాలి. ఆపరేటరుకు ఎప్పుడూ కనిపించే చోట, బకెట్ తిరిగే పరిధికి బయట నిలబడాలి.

సన్నని కందకంలో అసలు సాక్ష్యం అడుగున కాక పక్కగోడల్లో ఉంటుంది. అందుకే పైపు దించకముందే తాపీతో గోడను పైనుంచి కిందికి గీకి శుభ్రం చేసి, మట్టి రంగు మారిన ప్రతి గీతనూ చూడాలి. బూడిద పొర, కాలిన మట్టి, గచ్చు నేల, రాళ్ల వరుస కనిపిస్తే కొలబద్ద, ఉత్తర దిక్కు బాణం పెట్టి ఫొటో తీసి, గోడ బొమ్మను కొలతలతో గీయాలి. మొరం తగిలింది కదా అని చూపు తిప్పుకోకూడదు. సమాధుల గుంతలను మొరాన్ని తొలిచే తవ్వేవారు కాబట్టి, దానిలో నల్లమట్టి నిండిన మచ్చ కనిపిస్తే అక్కడే ఎక్కువసేపు నిలవాలి. ఛాతీ లోతు దాటిన కందకంలోకి గోడలు కూలకుండా ఆపే ఆధారపు పలకలు లేకుండా ఎంత ముఖ్యమైన ఆనవాలు కనిపించినా దిగరాదు.

నాణేలు గానీ, విగ్రహం గానీ దొరికితే పని ఆపి, వస్తువును కడగకుండా, వీలైతే కదల్చకుండా ఉంచాలి. 1878 నాటి భారత నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి గురించి దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. రాష్ట్ర వారసత్వ శాఖకు కూడా అదే రోజు కబురు చేయడం మంచిది. మనిషి ఎముకలైతే వాటిపై మట్టి ఆరిపోకుండా కప్పి, ముందుగా పోలీసులకు, తహసీల్దారుకు చెప్పాలి. ‘లంకెబిందెలు దొరికాయి’ అన్న మాట పుడితే రాత్రికి రాత్రే గునపాలు దిగుతాయి కనుక, ఆ చోట పంచాయతీ తరఫున కాపలా పెట్టించాలి.

ఏమీ దొరకని భాగాల గురించి కూడా జీపీఎస్ గుర్తులతో, లోతులతో, పొరల వివరాలతో నివేదికలో రాయాలి. ఒక ప్రతి వారసత్వ శాఖకు, మరొకటి గ్రామపంచాయతీకి ఇస్తే, తరువాత అదే వీధిలో కేబులు వేయడానికి వచ్చేవారు ఎక్కడ జాగ్రత్తగా తవ్వాలో ముందే చూసుకోగలుగుతారు.