పండగ ఇంట్లో స్పార్క్లింగ్ వైన్: ఏం తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

త్ర్యంబకేశ్వర్‌లో పుట్టిన గోదావరి నాసిక్ ద్రాక్షతోటల పక్కగా పారి, నాందేడ్ దాటి మన ధర్మాబాద్ వైపు వస్తుంది. ఆ పై ఒడ్డున పండిన ద్రాక్షతో చేసిన స్పార్క్లింగ్ వైన్, అంటే గ్యాస్ బుడగలు లేచే వైన్, ఇప్పుడు మన ఇళ్లకూ వస్తోంది. నిశ్చితార్థం అయిన సాయంత్రం, ఇంట్లో పిల్లకు ఉద్యోగం వచ్చిన రోజు, డిసెంబర్ 31 రాత్రి ఎవరో ఒకరు సీసా తెస్తారు. తెచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ఇంత డబ్బు పోశాం, చూస్తే పుల్లటి సోడా’ అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు సీసాలో ఉండదు. మన ఇంటి వేడిలోనో, గ్లాసులోనో, అంతకుముందు తిన్న మిఠాయిలోనో ఉంటుంది. మా నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ ఇళ్లలో చూసినవీ, నా చేతుల్లో జరిగినవీ కలిపి రాస్తున్నాను.

ముందే ఒక జాగ్రత్త. సిరోంచ, అహేరి వైపు చుట్టాలింటికి పోతుంటే సీసా కారులో పెట్టుకోకండి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. ఇక్కడ మహారాష్ట్రలో కొన్న సీసాను తెలంగాణలోని నిజామాబాద్ పెళ్లికి మోసుకెళ్లడమూ వద్దు. రాష్ట్రం దాటితే ఎక్సైజ్ నిబంధనలు మారిపోతాయి.

సమస్య: బిరడా తీయగానే సగం వైన్ నేలపాలైంది

కారణాలు రెండు, వేడి, కుదుపు. సీసాలో ఐదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది రెట్టింపు పైమాటే. చల్లగా ఉన్నంతసేపు ఆ గ్యాస్ వైన్‌లో కరిగి బుద్ధిగా ఉంటుంది. వేడెక్కినా, ఊగినా బయటికి తోసుకొస్తుంది. ఒకసారి మా బావ నాసిక్ నుంచి రోజంతా కారు నడిపి రాత్రికి ధర్మాబాద్ చేరాడు. అందరం ఎదురుచూస్తున్నాం కదా అని నేను ఆ సీసాను అప్పటికప్పుడు తెరిచాను. సగం మా గోడకు, మిగతా సగంలో కొంత మా బాపు పంచె మీదికి పోయింది. గ్లాసుల్లోకి వచ్చింది చాలా తక్కువ.

పరిష్కారం: ప్రయాణం చేసి వచ్చిన సీసాను ఒక రోజైనా కదపకుండా ఉంచాలి. తెరిచే ముందు ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు పెట్టాలి. పండగనాడు ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, పిండిగిన్నెలు నిండి ఉంటాయి, సీసాకు చోటు దొరకదు. అప్పుడు స్టీలు బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి గుప్పెడు రాళ్ల ఉప్పు వేయండి. అందులో మెడ దాకా ముంచితే అరగంటలో చల్లబడుతుంది. ఉత్త ఐసులో పెడితే ఇంత త్వరగా కాదు. ఐసు ముక్క సీసాను అక్కడక్కడే తాకుతుంది, నీళ్లు చుట్టూ పట్టుకుంటాయి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. చుట్టాల హడావుడిలో మరిచిపోతే వైన్ గడ్డకట్టి సీసా పగలొచ్చు.

తెరిచే పని నిదానంగా చేయాలి. పైనున్న రేకు చించితే కింద తీగ బుట్ట కనిపిస్తుంది. దాని చెవిని ఆరు అరచుట్లు తిప్పితే తీగ వదులవుతుంది. ఆ క్షణం నుంచి బిరడా మీద బొటనవేలు తీయకూడదు. పైన తువ్వాలు కప్పి, సీసాను 45 డిగ్రీలు వాల్చి, మూతిని మనుషులు లేని వైపు పెట్టండి. ఇక బిరడాను గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో సీసా అడుగు పట్టి సీసానే మెల్లగా తిప్పాలి. లోపలి గ్యాసే బిరడాను పైకి నెడుతుంది. మనం లాగక్కర్లేదు, అది తన్నుకు రాకుండా ఆపాలి అంతే. చివర్లో ‘ఉస్’ అని చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు వస్తుంది. అలా వస్తే సరిగ్గా తెరిచినట్టు. ఫోన్‌లో వీడియో కోసం సీసాను ఊపి, బిరడాను ఎగరగొట్టడం వద్దని చేతులు జోడించి చెబుతున్నాను. అది కంటికి తగిలితే చూపు పోవచ్చు, చుట్టూ పిల్లలు ఉంటారు.

సమస్య: పోసిన నిమిషానికే బుడగలు ఆగిపోయాయి

సీసా పాతదేమో, మోసం చేశారేమో అని అందరూ ముందు దుకాణం మీదికి పోతారు. ముందు గ్లాసు చూడండి. మా ఇంట్లో ఒక నిశ్చితార్థం రోజు వదిన కొత్త గ్లాసులు తీసి, లిక్విడ్ సబ్బుతో తళతళా తోమి బోర్లించింది. పోసిన వైన్ కాసేపటికే కుంటలో నీళ్లలా నిలబడిపోయింది. నేను ఒక గ్లాసును వేడినీళ్లతో రెండుసార్లు తొలిచి, పాత నూలు గుడ్డతో తుడిచి, అదే సీసాలోంచి మళ్లీ పోశాను. గ్లాసు అడుగున కంటికి ఆనని ఒక చోటు నుంచి దారం పోగులా బుడగలు లేచాయి. ఒకదాని వెనక ఒకటి, పైకి పోతున్నకొద్దీ కాస్త పెద్దవవుతూ, తెగకుండా. వదిన రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

అక్కడ జరిగేది ఇదీ. గ్లాసు లోపల అంటుకున్న సన్నటి నూలు పోగులు, దుమ్ము కణాల దగ్గర బుడగ పుడుతుంది. సబ్బు పొర గానీ నూనె జిడ్డు గానీ వాటిని కప్పేస్తే బుడగకు పుట్టే చోటు ఉండదు. మటన్ కొవ్వు అంటిన పెదవులు, లిప్‌స్టిక్ తగిలినా పైనున్న నురుగు ఇట్టే విరిగిపోతుంది. అందుకే గ్లాసుకు సబ్బు వద్దు, వేడినీళ్లు, నూలు గుడ్డ చాలు. పోసేటప్పుడు ముందు కొంచెం పోసి, నురుగు దిగాక మళ్లీ పోయండి. మూడింట రెండొంతులకు మించి నింపొద్దు.

స్టీలు గ్లాసులో తాగితే విషమేం కాదు, కానీ రంగూ బుడగా రెండూ కనబడవు. పొడుగు ఫ్లూట్ గ్లాసులు లేవని టెన్షన్ పడకండి. మామూలు వైన్ గ్లాసు దానికంటే మంచిది, వాసన తెలుస్తుంది.

సమస్య: నోట్లో పెట్టగానే పులుపు, చేదు

మన ఇళ్లలో వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ముందుంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ మిఠాయే. పూర్ణం పోళీ, గులాబ్ జామూన్, శ్రీఖండ్ తిన్న నాలుకకు తీపి తక్కువున్న వైన్ నిమ్మరసంలా తగులుతుంది. టీ తాగే ముందు జిలేబీ తింటే టీ చప్పగా అనిపిస్తుంది కదా, అలాగే. పైగా స్పార్క్లింగ్ వైన్‌కు ద్రాక్షను కాస్త ముందే, పులుపు ఉండగానే కోస్తారు. నాసిక్‌లో దీనికి ఎక్కువగా వాడే షెనాన్ బ్లాంక్ ద్రాక్షకు పులుపు సహజ గుణం. ఆ పులుపే దాని ప్రాణం.

పరిష్కారం సీసా కొనేటప్పుడే మొదలవుతుంది. లేబుల్ మీద ‘బ్రూట్’ అని ఉంటే లీటరుకు 12 గ్రాములలోపు చక్కెర. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని ఉంటే 12 నుంచి 17. పేరులో డ్రై ఉన్నా అది బ్రూట్ కంటే తియ్యన, ఇక్కడ చాలామంది మోసపోతారు. ‘డెమి సెక్’ అంటే 32 నుంచి 50 గ్రాములు. మొదటిసారి రుచి చూసేవాళ్లు ఉంటే, మిఠాయితోనే తాగాలనుకుంటే డెమి సెక్ తెచ్చుకోండి. బ్రూట్ తెస్తే భోజనానికి ముందే, మిఠాయి డబ్బాలు తెరవకముందే పోసేయండి. దాని పక్కన ఉప్పగా, కరకరలాడేవి పెట్టండి. సకినాలు, చేగోడీలు, దీపావళి ఫరాళ్‌లో (పండగ పిండివంటల్లో) మిగిలిన చివ్డా, అంటే అటుకుల మిక్చర్, ఏదైనా సరే. ఉప్పు, నూనె పులుపును మెత్తబరుస్తాయి. వేడి గారె కొరికి ఒక గుక్క బ్రూట్ తాగి చూడండి, ఆ గుక్క నోటిని కడిగినట్టు శుభ్రం చేస్తుంది. నాకు తెలిసిన జోడీల్లో అంతకు మించింది లేదు.

సమస్య: నోరు భగ్గుమంది

ధర్మాబాద్ మిరపకాయల ఊరు, మన మటన్ కూరలో కారం ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. బుడగలోని కార్బన్ డయాక్సైడ్ నోట్లో చురుక్కుమనిపిస్తుంది, ఆల్కహాల్ మంటను పెంచుతుంది. వాటికి ఠేచా (దంచిన మిరపకాయల పచ్చడి) తోడైతే అగ్గిలో నూనె పోసినట్టే. కారం కూరతో వైన్ వద్దు, మజ్జిగ తాగండి.

సమస్య: వాసనే తెలియడం లేదు

గది చూడండి. అగరుబత్తి, సాంబ్రాణి, తలలో మల్లెలు, పొయ్యి మీద బిర్యానీ ఉన్నచోట ఏ ముక్కూ పనిచేయదు. గ్లాసు పట్టుకుని డాబా మీదికి వెళ్లండి. ఐసులో గంటలకొద్దీ ఉంచినా వాసన ముడుచుకుపోతుంది. 6 నుంచి 10 డిగ్రీల మధ్య బాగుంటుంది కాబట్టి, మరీ చల్లగా అనిపిస్తే గ్లాసును కాసేపు అరచేతుల్లో పట్టుకోండి. అప్పుడు పచ్చి ఆపిల్, నిమ్మతొక్క లాంటి వాసనలు తేలుతాయి. కొన్నింట్లో అప్పుడే కాల్చిన రొట్టె వాసన ఉంటుంది. సీసాలోనే రెండోసారి పులియబెట్టి, ఆ ఈస్ట్ మడ్డితోనే నెలల తరబడి ఉంచిన వైన్‌కు అది వస్తుంది. లేబుల్ మీద ‘ట్రెడిషనల్ మెథడ్’ అని రాసి ఉంటుంది.

సమస్య: ఏదో తేడా వాసన

తడిసిన గోనెసంచి, నానిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడింది. దాన్ని బాగుచేయలేం, బిల్లు ఉంటే తిరిగి ఇచ్చేయండి. రంగు గోధుమలోకి తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే వేడికి పాడైంది. ఉడికిన క్యాబేజీ వాసన వస్తే వెలుతురు దెబ్బ, తెల్ల గాజు సీసాలకు ఇది ఎక్కువ. ఈ చివరి రెండూ మన చేతులారా చేసుకునేవే. ఎవరో కానుకగా ఇచ్చిన సీసాను టీవీ పక్క షోకేసులో, ట్యూబ్‌లైట్ కింద, రెండు మూడు నాందేడ్ వేసవుల పాటు నిలబెడతాం. మే నెలలో మనుషులమే తట్టుకోలేని ఎండ అది. వచ్చిన ఏడాదిలోపే తాగండి. అందాకా గుడ్డలో చుట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, చీకటి మూల పెట్టండి.

సమస్య: మిగిలింది మర్నాటికి చప్పబడింది

సీసా మెడలో చెంచా పెడితే బుడగలు నిలుస్తాయని చెబుతారు. చెంచా ఏమీ చేయదు. నిలిపేది ఫ్రిజ్ చల్లదనం. రెండు వైపులా పట్టుకునే క్లిప్ మూత దొరికితే కొనండి, ఒకటి రెండు రోజులు బాగానే ఉంటుంది. తీసిన బిరడా మళ్లీ దూరదు, బలవంతం చేయకండి.

సమస్య: ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు మాడాయి

ఇది వైన్ సమస్య కాదు, కానీ దీంతోనే చాలా సాయంత్రాలు చెడుతాయి. ముందుగా పెద్దవాళ్లకు చెప్పండి, దేవుడి గదికి దూరంగా కూర్చోండి. ఇష్టం లేనివాళ్లను ‘ఒక్క గుక్కే కదా’ అని ఒత్తిడి చేయకండి. 21 ఏళ్లు నిండనివాళ్లకు, గర్భిణులకు పోయొద్దు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే తాగాలి. రాత్రికి బండి నడిపే మనిషి నిమ్మకాయ సోడా తాగాలి, ఇందులో బేరం లేదు. బుడగలున్న వైన్ త్వరగా తలకెక్కుతుంది కనుక గ్లాసుకు గ్లాసు మంచినీళ్లు తాగండి. 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి సరిపోతుంది, రుచి చూడటానికైతే పదిమందికి.

మా అవ్వ వైన్ ముట్టదు. కానీ పోయగానే గ్లాసు ఇటివ్వమని చెవి దగ్గర పెట్టుకుంటుంది. అన్నం గిన్నెలో ఎసరు మొదలైనప్పటి చప్పుడులా ఉందట. ఆ చప్పుడు ఆగిపోయాక గ్లాసు నాకు తిరిగిస్తుంది, అప్పుడు నేను తాగుతాను.